గోడవతలి పాట

వేసవి సెలవులకు మా తమ్ముడి కొడుకు వచ్చాడు. వాడికి ఎప్పుడూ చెవుల్లో ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. మొన్న నేను వంటింటి గడప దగ్గర కూర్చుని గోకరకాయలకు నారలు తీస్తుంటే, పక్కన చతికిలబడి తన చెవిలోది ఒకటి పీకి నా చెవిలో పెట్టాడు.

“అత్తా, ఇది చానా పాత ఇంగ్లీషు పాట. మస్తు ఫేమస్. నువ్వు ఇంగ్లీషు టీచర్‌వి గదా, దీని అర్థం ఏందో చెప్పు జూద్దాం” అన్నాడు.

నాకే పరీక్ష పెట్టేంతవాడయ్యాడు వీడు, అనుకుంటూ విన్నాను. గిటారు తీగ మొదటిసారి మోగగానే చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఏ మోత వస్తుందో, గాయకుడు ఎక్కడ గొంతు చించుకుంటాడో, ఎక్కడ నెమ్మదిస్తాడో నాకు ముందే తెలుసు.

వాడు నా మొహం చూడలేదు. ఫోను చూస్తున్నాడు. ఈ పాట యుద్ధం మీద రాసిందని ఒకాయన అన్నాడట. కాదు, తండ్రితో కొట్లాడి ఇల్లు వదిలిన కొడుకు పాట అని ఇంకొకాయన. అదంతా మత్తుమందు మహిమ అని మరొకాయన. పేజీలకు పేజీలు తిట్టుకున్నారట జనం. అన్నీ చదివి వినిపించి, “ఏది కరెక్టు అత్తా?” అన్నాడు.

వాళ్లెవరూ మా ఊరికి రాలేదు. వచ్చి ఉంటే మా భజన తాత చెప్పిన అర్థం కూడా అందులో చేరి ఉండేది.

మా ఊరికి ఆ పాటను మోసుకొచ్చింది మా చిన్నాయిన, అంటే మా నాయిన తమ్ముడు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మా పాలమూరు దిక్కు వానలు సరిగా పడని ఏడాది మగవాళ్లు బొంబాయికో, ఏదో ఒక డ్యాము కట్టే చోటికో పనికి పోయేవాళ్లు. చిన్నాయిన కూడా పోయాడు. పోయేనాటికి మహా వాగుడుకాయ. వాడుంటే ఇంట్లో రేడియో అక్కర్లేదనేది మా అవ్వ, నాయిన తల్లి. బర్రె పాలు పిండుతూ బర్రెతో కూడా మాట్లాడేవాడు.

తిరిగొచ్చింది పల్లికాయ పీకే రోజుల్లో. ఊరంతా పచ్చి పల్లికాయ వాసన, దానికి అంటిన తడి ఎర్రమట్టి వాసన. ప్రతి వాకిట్లో ఓ కుండలో ఉప్పేసిన కాయలు ఉడుకుతుండేవి. మేము పిల్లలం ఒక ఇంట్లో తిని, తినలేదని చెప్పి రెండో ఇంట్లో తినేవాళ్లం. సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తున్న మనిషిని మొదట గుర్తుపట్టింది మా కుక్క. అవ్వ ఆ తర్వాతే గుర్తుపట్టింది, అంతగా చిక్కిపోయాడు.

ఒక రేకు పెట్టె, ఒక టేప్ రికార్డర్, ఒకే ఒక్క క్యాసెట్. అవే అతను తెచ్చినవి. మాట మాత్రం తేలేదు. “తిన్నవా” అంటే తల ఊపుతాడు. “పండుకుంటవా” అంటే పండుకుంటాడు. పొద్దున చేనికి పోయి అందరితో పాటు చెట్లు పీకుతాడు. మధ్యాహ్నం టేప్ రికార్డర్ సెల్లులు బయటికి తీసి గోడ మీద ఎండకు పెడతాడు, ఇంకో నాలుగు రోజులు పని చేస్తాయని. చీకటి పడ్డాక ఒక మూలన చాప మీద కూర్చుని ఆ పాట పెట్టుకుంటాడు. ఒక్కటే పాట. అయిపోతే సెల్లులు ఖర్చు కాకుండా క్యాసెట్ తీసి పెన్సిల్‌తో వెనక్కి తిప్పుకుంటాడు. మళ్లీ అదే.

ఇంకొకటి, అన్నం మానేశాడు. జొన్నరొట్టె పెడితే తింటాడు, ఎల్లిపాయ కారంతోనైనా, పుంటికూరతోనైనా. పండగపూట అవ్వ మురిపెంగా సన్నబియ్యం వండి కంచంలో పెడితే కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. అవ్వ ఆ రోజు కంచం ముందు చాలాసేపు కూర్చుంది.

నాయిన దవాఖానకు తీసుకుపోయాడు. వాళ్లు సూది వేసి, ఏమీ లేదు పొమ్మన్నారు.

మాకు పిల్లలకు ఆ పాట పెద్ద వేడుక. మా తమ్ముడు బర్రె వెనక నిలబడి ఆ గాయకుడిలాగే అరిచేవాడు, బర్రె తాడు తెంపుకునేది, వాడి వీపు మీద అవ్వ చీపురు పడేది. అవ్వకు మాత్రం ఆ పాట అంటే భయం.

“వీడు పాడుతుండా, ఎవలన్న కొడుతుంటె మొత్తుకుంటుండా?” అనేది. ఒకరోజు చెవి రిక్కించి, “గా పాటల పంపు స్టవ్వు మండుతున్నట్టు చప్పుడొస్తాంది. ఎవలో వంట చేస్తున్నరు” అంది.

నేను నవ్వాను. “అవ్వా, అది గిటారు. గట్లనే వాయిస్తరు” అన్నాను, ఎన్ని గిటార్లు చూసినదాన్నో మరి.

“ఏమో తల్లి. చదువుకున్నదానివి” అని ఊరుకుంది.

ఆ చదువుకే ఒకరోజు పని పడింది. చిన్నాయిన చేన్లో ఉన్నప్పుడు అవ్వ నన్ను పిలిచి టేప్ రికార్డర్ నా ముందు పెట్టింది.

“ఇంగ్లీషు చదువుతున్నవ్ గదనే. గా పాటల ఏమున్నదో ఇని నాకు చెప్పు. నా కొడుకును ఎవలు పిలుస్తున్నరో నాకు తెల్వాలె” అంది.

ఆమె గొంతు విని నాకు నవ్వు రాలేదు. బడి నుంచి డిక్షనరీ తెచ్చుకుని, సెల్లులు అయిపోతాయని పాట సన్నగా పెట్టి, ఆపి ఆపి వింటూ కుస్తీ పట్టాను. పాట చాలా దూరం నుంచి వస్తున్నట్టు ఉండేది. పదిమాటల్లో ఒకటి దొరికేది. చివరికి దొరికినవన్నీ జత చేసి తెలుగులో చెప్పాను: “కిటికీలో దీపం ఆర్పెయ్యి. ఆ తొవ్వన నేను రాను. నాకోసం చూడకు. సముద్రం ఇంటి దాకా వచ్చింది.”

అవ్వకు అది చాలలేదు. మాటలు తెలిశాయి గాని మతలబు తెలియలేదంది. మా ఊర్లో పాటకు అర్థం కావాలంటే భజన తాత దగ్గరికే పోవాలి. శనివారం శనివారం మా అరుగు మీదే భజన. తాత ఒక తత్వం పాడి, ఆపి, చరణం చరణం విప్పి చెప్పేవాడు. ఆయన చేతిలో పడితే ఏదీ ఉన్నదున్నట్టు ఉండదు. ఇల్లంటే దేహం, తొమ్మిది దర్వాజలంటే నవ రంధ్రాలు, చిలుకంటే ప్రాణం. ఉడికించిన శనగ గుడాలు తింటూ వింటుంటే మాకు నోరు ఆగిపోయేది.

అవ్వ నా చేత ఆ మాటలు తాతకు చెప్పించింది. తాత కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు.

“కిటికీలంటే కండ్లమ్మా” అన్నాడు చివరికి. “దీపమంటే జీవుడు. ఆర్పెయ్యమంటుండు. తొవ్వ అంటే సంసారం. ఇగ గా తొవ్వన రాను, నా కోసం చూడకుండ్రి అంటుండు. సముద్రమంటే కాలం. గది గడప దాకొచ్చింది. ఏ దేశమోడు రాసిండో గని, పండిన మనిషి రాసిండు. నీ కొడుకు అన్నం ఎందుకు ఇడిసిండో ఇప్పుడన్న సమజైందా?”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పోతడా?” అంది.

“అడవికి పోతడో, ఇంకెటు పోతడో. రోజూ గా పాటే ఇంటె పోకుంటె ఏమైతడు?”

“మరి ఏం జెయ్యాలె అయ్యా. చెప్పు, ఏదంటె గది జేస్త.”

తాత నిజంగా మంచి మనిషి. అవ్వ కోసం బాగా ఆలోచించాడు. పాటను పారేస్తే పిల్లవాడు ఎదురు తిరుగుతాడన్నాడు. “పాట మీద పాట ఎక్కియ్యాలె. గా క్యాసెట్ల మన భజన నింపుదం. పెట్టుకుంటె భజనే ఇంటడు. రెండు రోజులు కోపం జేస్తడు, తర్వాత అలవాటైతది. నేను శనివారం అందర్ని తోల్కొస్త” అన్నాడు.

శనివారం నాయినా చిన్నాయినా పల్లికాయ బస్తాలు వేసుకుని బండి మీద మార్కెట్‌కు పోయారు. భజన వాళ్లు తాళాలు, హార్మోనియంతో పొద్దున్నే దిగారు. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచి ఉంది. అది విరిస్తే దాని మీద ఇంకేదీ రికార్డు చేయలేరు, పాత పాట చెరగకుండా మనుషులు చేసుకునే జాగ్రత్త అది. ఆ సందులో కాగితం ఉండ పెడితే మళ్లీ రికార్డవుతుంది. అవ్వ చెప్పగా ఉండ నేనే కూర్చాను.

“ముందుగాల్ల మొత్తం గొంతు పెట్టి సూడు బిడ్డా. సెల్లులు బలంగున్నయో లేదో” అన్నాడు తాత.

చిన్నాయిన ఎప్పుడూ సన్నగా పెట్టుకుని వినేవాడు. నేను గుండ్రటి మీటను చివరిదాకా తిప్పి మధ్యలోంచి పాట పెట్టాను. గాయకుడి అరుపుకు పావురాలు లేచిపోయాయి. తర్వాత ఎప్పటిలాగే డప్పులు ఆగి, గిటారు ఒక్కటే నెమ్మదిగా మోగే చోటు వచ్చింది. అప్పుడు వినిపించింది, ఒక మగపిల్లవాడి గొంతు, మా దిక్కు యాసలో.

“ఓ అన్నా, అన్నం మాడుతాంది. జర దించరాదు.”

అవ్వ గబుక్కున లేచి వంటింట్లోకి పోయింది. మేమంతా అటే చూస్తున్నాం. మసిగుడ్డ చేతిలో పట్టుకుని తిరిగొచ్చింది.

“పొయ్యి మీద ఏం లేదు. గుడాలు ఎప్పుడో దించిన. అన్నం మాడుతాందని ఎవలన్నరు?” అంది.

తాత చేతిలో తాళాలు మోగకుండా ఆగిపోయాయి. నేను పాట వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. ఈసారి అందరం టేప్ రికార్డర్ మీదికి వంగి విన్నాం. ఆ మాట అయ్యాక ఇంకో గొంతు కొంచెం దూరం నుంచి పలికింది: “నువ్వు పాట పట్టు. అన్నం సంగతి నేను చూస్త.” ఆ వెంటనే నవ్వు.

“గది నా కొడుకు నవ్వు” అంది అవ్వ.

ఆ నవ్వు విని ఎన్ని రోజులైందో మాకు. అవ్వ అరుగు మీద కూలబడి కళ్లొత్తుకుంది. ఇన్నాళ్లు ఇంగ్లీషు మాటల కోసం చెవులు రిక్కించినదాన్ని, తెలుగు మాట వినలేదు నేను. అవ్వకు మాత్రం స్టవ్వు చప్పుడు ఎప్పుడో వినపడింది.

“నాకు ఇనపడనే లేదమ్మా” అన్నాడు తాత మెల్లగా.

“కాగితం తియ్యి” అంది అవ్వ నాతో. “ఇగ దీన్ని ఎవలు ముట్టద్దు.”

ఆ రోజు భజన జరగలేదు. గుడాలు మాత్రం తలా ఇంత తిని పోయారు.

పొద్దుగూకినాక చిన్నాయిన వచ్చాడు. అవ్వ అతన్ని కాళ్లు కూడా కడుక్కోనివ్వలేదు. టేప్ రికార్డర్ తెచ్చి ముందు పెట్టి, ఆ చోటు నాతో పెట్టించింది. గొంతు వినపడగానే చిన్నాయిన గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు.

“గా పిలగాడు ఎవలు కొడుకా?” అంది అవ్వ.

అప్పుడు నోరు విప్పాడు. ఒక్కసారి విప్పాక ఆగలేదు. ఆ పిల్లవాడిది ఆత్మకూరు దగ్గర పల్లె. తల్లికి ఒక్కడే. పనికి పోయేటప్పుడు చిన్నాయిన ఆ ఊళ్లో మేస్త్రి కోసం ఆగితే పరిచయమయ్యాడు. నేనూ వస్తానని వెంటపడ్డాడు. బొంబాయిలో ఇద్దరిదీ ఒకే గుడిసె, ఒకే పొయ్యి. పక్కన పెద్ద బంగళా, మధ్యన గోడ. గోడవతల ఎవరో ఒక అబ్బాయి సాయంత్రం పూట ఈ పాట పెద్దగా పెట్టుకునేవాడు.

“మనకు అర్థం కాదు గదరా అంటె, మంచిగుంది గదన్నా అంటుండె” అన్నాడు చిన్నాయిన. “ఇద్దరం కలిసి టేప్ రికార్డర్ కొన్నం. ఇటుకలు పేర్చి గోడకాడ నిలవడి, గిట్ల నెత్తి మీదికి ఎత్తి పట్టిండు. పాట అయ్యేదాక చెయ్యి దించలే. నేను వంట కాడున్న. నాకు మతి లేదు, అన్నం మాడింది. మాడిన అన్నమే నవ్వుకుంట తిన్నం.”

వానాకాలంలో వాళ్లెక్కి పనిచేసే వెదురు కట్టెల మంచె తడికి జారింది. చిన్నాయిన కింద ఉన్నాడు. ఆ పిల్లవాడు పైన ఉన్నాడు.

“తల్లికి చెప్పినవా?”

“మేస్త్రి కబురు పంపిండు. మట్టి గూడ అక్కడనే అయింది. నేను పోలే. ఏ మొఖం పెట్టుకొని పోదునమ్మా? నీ కొడుకును మల్ల నేనే తోల్కొస్తనని చెప్పి తోల్కపోయిన. కుండ పొయ్యి మీద పెడితె వాని మాటే ఇనపడ్తది. అన్నం గొంతు దిగుతలేదు.”

అవ్వ అతని తల మీద చెయ్యి వేసింది. తర్వాత అంది, “గా గొంతు నీది కాదు కొడుకా. గా తల్లిది. రేపు పోదం పా.”

మరునాడు అవ్వ, చిన్నాయిన, నేను ఆత్మకూరు బస్సెక్కాం. సెల్లులు నా ఒళ్లో, టేప్ రికార్డర్ చిన్నాయిన ఒళ్లో. దిగి పొలాల గట్ల మీద నడిచి పోయాం. ఊరి చివర, వాడ మొదట్లోనే ఆ ఇల్లు. దర్వాజ పైన సుద్దతో శిలువ గీసి ఉంది. ఒక బక్కపలచటి ఆమె వాకిట్లో పల్లికాయ తెంపుతూ ఉంది. చిన్నాయిన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అవ్వే ముందుకు పోయింది.

“చెల్లె, బొంబాయికి నీ కొడుకును తోల్కపోయిన పిలగాని తల్లిని నేను” అంది.

ఆమె లేచి నిలబడింది. చిన్నాయిన వైపు చూసింది. తిడుతుందని నేను భయపడ్డాను. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేదేమో. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. మా ఊర్లో మా అవ్వ అలాంటి వాడ వైపు అడుగు వేసేది కాదు, వాళ్లింటి నీళ్లు ముట్టేది కాదు. ఆ రోజు చెంబు అందుకుని తాగింది. “ఒక్క కుండల తిన్న పిల్లలు” అంది, ఎవరూ అడగకపోయినా.

లోపల మట్టి నేల మీద టేప్ రికార్డర్ పెట్టి చిన్నాయిన మీట నొక్కాడు. పాట మొదలైంది. ఆమె మర్యాదకు వింటున్నట్టు కూర్చుంది. కొంచెంసేపటికి నన్ను చూసి, “గిది ఏం పాట బిడ్డా? ఏం చెప్తాంది?” అంది.

నా దగ్గర దీపం ఉంది, కిటికీ ఉంది, తాత చెప్పిన దేహం, కాలం అన్నీ ఉన్నాయి. చిన్నాయినే చెప్పాడు.

“నాకు తెల్వదమ్మా. నీ కొడుక్కు గూడ తెల్వదు. మంచిగుందన్నడు, గంతే.”

అప్పుడు ఆ చోటు వచ్చింది. “ఓ అన్నా, అన్నం మాడుతాంది. జర దించరాదు.”

ఆమె ఏడవలేదు. టేప్ రికార్డర్ వైపు కూడా చూడలేదు. పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు, తల కాస్త అటు తిప్పి, “దించిన బిడ్డా” అంది.

చిన్నాయిన ఏడ్చాడు. మళ్లీ పెట్టమంది ఆమె. పెట్టాడు. మళ్లీ పలికింది. “దించిన బిడ్డా. నువ్వు పాట ఇను.”

ఎన్నిసార్లు పెట్టామో నాకు గుర్తులేదు. సెల్లులు నీరసించి పాట సాగుతూ వచ్చాక ఆపి, ఆమె లేచి పొయ్యి అంటించింది. వద్దన్నా వినలేదు. దొడ్డుబియ్యం అన్నం, పచ్చిపులుసు. అందరికీ విస్తర్లు వేసింది. చిన్నాయిన ముందు అన్నం పెట్టి, “తిను కొడుకా, మాడలే” అంది. అవ్వ తన విస్తరిలో చెయ్యి పెట్టకుండా అతన్నే చూస్తోంది. అతను కలిపాడు. ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఉండి, తిన్నాడు. అప్పుడు అవ్వ కూడా తిన్నది.

టేప్ రికార్డర్ అక్కడే వదిలి వచ్చాం. ఏ మీట నొక్కాలో, సెల్లులు ఎండకు ఎలా పెట్టాలో ఆమెకు చూపించాడు చిన్నాయిన. తర్వాత ఏళ్ల తరబడి కొత్త సెల్లులు పట్టుకుని పోయి వచ్చేవాడు. మునుపటి వాగుడు రాలేదు గాని, బర్రెతో మాత్రం మళ్లీ మాట్లాడేవాడు. ఆమె పోయినప్పుడు కొడుకు స్థానంలో నిలబడి మన్ను వేసి వచ్చింది అతనే. క్యాసెట్ ఆమె తల కింద పెట్టారని చెప్పాడు. ఇప్పుడు అతనూ లేడు, అవ్వా లేదు, భజన తాతా లేడు. ఆ పిల్లవాడి గొంతు విన్నవాళ్లలో ఎందరు మిగిలామో నాకు తెలియదు.

మొన్న ఆ చెవిలోది పెట్టుకుని నేను ఎదురుచూసింది ఆ చోటు కోసమే. డప్పులు ఆగాయి. గిటారు ఒక్కటే మోగింది, ప్రతి తీగా విడివిడిగా, శుభ్రంగా. స్టవ్వు చప్పుడు లేదు, నవ్వు లేదు. గోడ ఇవతలివాళ్లు ఎవరూ లేరందులో.

“చెప్పవా అత్తా, అర్థం?” అన్నాడు వాడు.

“దించిన బిడ్డా” అన్నాను.

“ఏం దించినవ్?” అని వాడు లేచి వంటింట్లోకి తొంగి చూశాడు. పొయ్యి మీద ఏమీ లేదు.